తెరకి ఇవతల

"అటు నుంచి చూస్తే ఇటు ఏమీ కనిపించదు కదా?"

టీచరమ్మ ఈ మాట అడగడం ఇది మూడోసారి.

"చీమ కూడా కనిపించదండీ. మాట వినిపిస్తుంది, అంతే," అంది సంక్షేమ అధికారిణి.

గది మధ్యలో ఆ గోడ నుంచి ఈ గోడకి ముదురాకుపచ్చ తెర లాగి ఉంది. అవతల ముద్దాయి, ఆవిడ లాయరు. ఇవతల తొమ్మిదేళ్ల పిల్ల. తన చేతులు కాల్చిన మనిషి మొహం చూస్తూ పిల్ల సాక్ష్యం చెప్పక్కర్లేదని చట్టం. ఆలస్యంగా వచ్చినా మంచి చట్టమే.

పిల్లలు బెదరకూడదని గోడల నిండా చేపల బొమ్మలు వేశారు. కుర్చీలు కూడా పిల్లలవే. రిటైరై ఆరేళ్లయిన టీచరమ్మ అందులో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఇంకో రోజైతే ఆవిడే నవ్వేది.

"పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు మీరు," అధికారిణి గొంతు తగ్గించింది. "ఇంకోసారి ఆలోచించుకోండి. కావాలంటే పిల్ల పక్కన నేను కూర్చుంటాను."

"నీ దగ్గర నోరు విప్పుతుందా అమ్మా?"

అదీ నిజమే. పిల్ల నాలుగు నెలలుగా హోమ్‌లో ఉంటోంది. పెడితే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది. నోట్లో నాలుక ఉందో లేదో అని అక్కడి ఆయాలే అనుమానపడ్డారు. అలాంటిది, ఆదివారం బొమ్మల పుస్తకాలు పట్టుకుని టీచరమ్మ వచ్చేసరికి చెయ్యి పట్టుకుని వదల్లేదు. "అమ్మమ్మా, అమ్మమ్మా" అంటూ గలగలా మాట్లాడేసింది.

ఆ నోరు ఇవాళ ఇక్కడ పెగలాలి. పెగలకపోతే కేసు లేదు. ఇంటి చాకిరీకి పిల్లని పెట్టుకున్న ఆ ఇంటావిడ చేతులు దులుపుకుని వెళ్లిపోతుంది. రేపు ఇంకో పిల్లని తెచ్చుకుంటుంది.

"అమ్మమ్మా," పిల్ల ఆవిడ చెవిలో అడిగింది. "అమ్మగారిని జైల్లో పెడితే చంటిదాన్ని ఎవరు చూస్తారు? నేను పెడితేనే తింటుంది అది."

టీచరమ్మ కళ్లు నిండిపోయాయి. కాలిన చేతులతో ఈ పిల్ల అడుగుతున్నది ఎవరి గురించో చూడండి!

"దాని సంగతి నేను చూసుకుంటాలే," అంది.

జడ్జిగారు వచ్చారు. నల్లకోటు తీసేసి, పిల్ల ఎదురుగా ఇంకో చిన్న కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఆవిడింకా నోరు తెరవకముందే తెర అవతల లాయరు అందుకున్నాడు.

"అసలు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసిందెవరో మాకు తెలియాలి మేడమ్. మా క్లయింటంటే గిట్టనివాళ్లు ఎవరో చేసిన పని ఇది."

"ఫోన్ చేసినవాళ్ల పేరు బయటపెట్టకూడదు. తెలుసుగా మీకు."

"పోనీ, పిల్ల పక్కన ఎవరో పెద్దావిడ ఉన్నారట. కాకిపిల్ల కాకికి ముద్దు. వెనకేసుకొచ్చే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుంటే..."

"పిల్లకి ధైర్యం కోసం కూర్చున్నారు. ఆవిడ మాట్లాడరు."

టీచరమ్మ తల ఊపింది. మాట్లాడకుండా ఉండటమే ఆవిడకీ కావాలి.

జడ్జిగారు మెల్లగా మొదలెట్టారు. నీకు ఏ రంగు ఇష్టం? ఆ చేపల్లో ఏది పెద్దది? పిల్ల వేలితో చూపించింది. చేతులకేమైంది అని అడిగేసరికి బిగుసుకుపోయింది. రెండోసారి అడిగితే తల దించుకుంది. మూడోసారికి కుర్చీ కిందికి దూరబోయింది.

"పెద్దమ్మగారూ, ఏం చెప్పాలో మీరు చెప్పొద్దు," అన్నారు జడ్జి. "భయం లేదని మాత్రం ఒక్క మాట చెప్పండి."

టీచరమ్మ పిల్ల వీపు నిమిరింది. చెప్పమని కళ్లతో సైగ చేసింది. బతిమాలుతున్నట్టు గడ్డం పట్టుకుంది. అన్నీ చేసింది కానీ నోరు మాత్రం విప్పలేదు. ముప్పై ఏళ్లు ఒకటో తరగతి గదుల్ని హడలెత్తించిన గొంతు అది.

పిల్ల ఉలకలేదు, పలకలేదు.

జడ్జిగారు నిట్టూర్చి పెన్ను మూత పెట్టారు. "సరే అయితే. సాక్షి చెప్పలేకపోయిందని..."

"చెప్పు తల్లీ," అంది టీచరమ్మ. పైకే అంది. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఎవరేమనుకున్నా సరే."

తెర అవతల కుర్చీ ఒకటి కిర్రుమంది.

పిల్ల తలెత్తింది. "ఇస్త్రీ చేస్తుంటే చంటిది ఏడ్చింది. ఎత్తుకోడానికి వెళ్లాను. అమ్మగారి గౌను మాడిపోయింది." ఆగింది. "ఆ పెట్టెతోనే... రెండు చేతులకీ. తర్వాత బాల్కనీలో పెట్టి తలుపేశారు."

"ఎవరూ చూడలేదా?"

"చుట్టాలొస్తే పొడుగు చేతుల చొక్కా వేసేవారు. ఓసారి గిన్నెలు తోముతూ మర్చిపోయి చేతులు పైకి మడిచాను. అప్పుడు ఒక్కళ్లు చూశారు."

"ఎవరు?" అనేశారు జడ్జి. పిల్ల పక్కకి తిరిగింది. జడ్జిగారు గబుక్కున చెయ్యెత్తారు. "వద్దులే అమ్మా. పేరు అక్కర్లేదు."

అంతా రాసుకున్నారు. ఇందాకటి నుంచీ లాయరు చెవిలో ఏదో గొణుగుతూనే ఉన్న ముద్దాయి, ఆ కుర్చీ కిర్రుమన్నప్పటి నుంచీ చప్పుడు చెయ్యలేదు.

"మీరేమైనా అడుగుతారా?" తెర వైపు చూసి అన్నారు జడ్జిగారు.

లాయరు గొంతు సవరించుకున్నాడు. అడిగింది మాత్రం అతను కాదు, ముద్దాయి.

"కన్నకూతుర్నని కూడా చూడకుండా ఆ ఫోన్ చేసింది నువ్వేనా, అమ్మా?"