ఎక్కువొచ్చిన లెక్క

పరికరం చూపించే అంకె, కంప్యూటర్ చెప్పిన అంకె పొద్దున చక్కగా కలిశాయి. మధ్యాహ్నానికి తేడా వచ్చేసింది.

మక్పాల్ మళ్లీ కొలిచింది. గామా కిరణాలు వెదజల్లే ముక్కను ఎంత దూరంలో పెడితే పరికరం ఎంత చూపించాలో కంప్యూటర్ ముందే లెక్కగట్టి పెడుతుంది. పరికరం అంతకు రెండింతలు చూపిస్తోంది. తెల్లవారితే అది పాత అణుపరీక్షల మైదానం పక్క పల్లెకు వెళ్లాలి. ఏ బీడులో గొర్రెలను మేపుకోవచ్చో, ఏ బీడులో వద్దో దాని మాట మీదే తేలుతుంది.

"రేపు చూద్దాంలే," అన్నాడు మధ్యాహ్నమే పనికి వచ్చిన ల్యాబ్ పెద్ద బెయిసెన్, కిటికీ దగ్గర నిలబడి.

"పొద్దున్నే బండి వెళ్లిపోతుంది అగాయ్. ఇంక చూసేదెప్పుడు?" అంది మక్పాల్. అక్కడ గురువును అగాయ్ అనే పిలుస్తారు.

ఆయన టీ తెచ్చుకోవడానికి బయటికి నడిచాడు. మక్పాల్ ముక్కను తీసి సీసం పెట్టెలో పెట్టి తాళం వేసింది. అంకె మామూలు స్థాయికి దిగింది. కాసేపటికి బెయిసెన్ టీ కప్పుతో తిరిగొచ్చాడు. అంకె మళ్లీ పైకి ఎగబాకింది.

ముక్క పెట్టెలోనే ఉంది. పెట్టె తాళం వేసే ఉంది.

మక్పాల్ బెయిసెన్ జేబుల వైపు చూసింది. అలాంటి ముక్కలే ఉన్న మిగతా పెట్టెల తాళంచెవులన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. తనకు ఈ పని నేర్పింది కూడా ఆయనే. లేచి తలుపు మూసి, కాపలావాళ్లకు చేసే ఫోను మీద చెయ్యి వేసింది.

"జేబులు ఖాళీ చెయ్యండి అగాయ్."

"నన్నే దొంగని చేశావా?"

"చెయ్యండి."

బెయిసెన్‌కు కోపం రాలేదు. జేబురుమాలు, కళ్లజోడు, తినడానికి తెచ్చుకున్న రెండు ఎండబెట్టిన పెరుగు ఉండలు తీసి బల్ల మీద పెట్టాడు. కోటు విప్పి దూరంగా కుర్చీకి తగిలించాడు. మక్పాల్ చేతి మీటరును కోటంతా తిప్పింది. చప్పుడు లేదు. ఆయన వైపు తిప్పగానే అది ఆగకుండా టకటకలాడింది.

ఆమె మీటరు దించలేదు. "ఎక్కడ దాచారు?"

"ఎముకల్లో," అన్నాడు బెయిసెన్ నెమ్మదిగా. "పొద్దున సెమెయ్ పట్నం ఆస్పత్రిలో స్కాన్ కోసం రేడియేషన్ మందు ఎక్కించారు. క్యాన్సర్ అక్కడిదాకా పాకిందట తల్లీ, మా ఆవిడకి మాత్రం చెప్పకు."