మైకమ్మ కోడలి జ్వరం

లాండ్రీ కొట్టు మైకమ్మ గొంతు తగ్గింది.

ఆవిడ మొగుణ్ని పిలిస్తే పక్క వీధి మొగుళ్లు కూడా పలికేవారు. కరెంటు తీగల మీద పిట్టలు ఒకసారి ఎగిరి, మనల్ని కాదులే అనుకుని, మళ్లీ కూర్చునేవి. నలభై ఏళ్లకే అత్తగారినైపోయానని మొన్నటిదాకా ఊరంతా చాటుకున్న మనిషి. అలాంటిది ఎదురుగా ఉన్న ఆసుపత్రికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, డాక్టరమ్మ చెవిలో గుసగుసలాడింది.

కోడలికి మూడో నెలలో కడుపు పోయిందట. రక్తం ఆగడం లేదట. ఇప్పుడు చలిజ్వరం, పొత్తికడుపులో పోట్లు. ఏవైనా మాత్రలిస్తే పట్టుకుపోతుందట.

వాసన వస్తోందా అని డాక్టరమ్మ అడిగింది. మైకమ్మ నేల చూస్తూ తలూపింది.

డాక్టరమ్మ మొహం మారింది. లోపల ఏదో ముక్క మిగిలిపోయి గర్భసంచికి చీము పట్టి ఉంటుందని, ఆ విషం ఒంట్లోకి పాకితే మనిషి దక్కదని, మాత్రలతో అయ్యే పని కాదని విడమరిచి చెప్పింది. ముందు పిల్లను తీసుకురమ్మంది.

“సిగ్గండీ. రానంటోంది.”

“ప్రాణం పోయాక సిగ్గు దేనికమ్మా?”

మైకమ్మ నసిగింది. రోడ్డు మీద తారు కరిగే ఎండలో శాలువా కప్పుకుని మరీ వచ్చింది. మొహం చూపించలేకే ఆ ముసుగని ఆయా తేల్చేసింది. కొత్త కోడలి ఉసురు తీస్తోందని వరండాలో కూర్చున్నవాళ్లందరికీ పంచిపెట్టింది. మైకమ్మ ఇల్లు చేరేలోపే ఆ మాట రోడ్డు దాటి, వీధి మలుపు తిరిగింది.

డాక్టరమ్మ మాత్రలు చేతిలో పెట్టి, ఇవి ఈపూటకేనని, సాయంత్రంలోగా పిల్లను తేకపోతే తానే వస్తానని బెదిరించింది.

సాయంత్రం మైకమ్మ మళ్లీ ఒక్కతే వచ్చింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

“జ్వరం దిగిందండీ. ఒళ్లంతా చల్లగా అయిపోయింది. నయమైనట్టేగా?”

డాక్టరమ్మ లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది. ఆ చల్లదనమే అన్నిటికంటే చెడ్డదని ఆవిడకు తెలుసు. స్ట్రెచర్ తోయించుకుంటూ రోడ్డు దాటింది. వద్దండీ, వీధి చూస్తుందండీ అంటూ మైకమ్మ గోడలు పట్టుకుని వెనకే వచ్చింది. చూడనీ, పోలీసులు కూడా చూస్తారంది డాక్టరమ్మ.

కొట్టులో మొగుడు ఇస్త్రీ పెట్టె మీంచి తలెత్తలేదు. దాని కింద ఎవరిదో చొక్కా మాడి పొగ లేస్తోంది. లోపలి గదిలో మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మీద మరక. గదంతా ఆ వాసన.

“కోడలేదీ? ఎక్కడ దాచారు?”

పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ ఒక పిల్ల వచ్చింది. నిండుగా, నిగనిగలాడుతూ ఉంది. స్ట్రెచర్ చూసి బిత్తరపోయి, “ఎవరికండీ?” అని అడిగింది.

“మెల్లగా మాట్లాడండమ్మా,” అంది మైకమ్మ గోడవారగా కిందికి జారిపోతూ, “కోడలొచ్చిన ఇంట్లో అత్తకు కడుపేమిటని నవ్విపోతారు, పోయింది నాకే.”