ఏమడిగినా ఎస్

"మళ్లీ సున్నానే వదినా," అన్నాడు యూనస్, తెర మీంచి చూపు తిప్పకుండా.

దిల్షాద్ తెర మీదికి వంగింది. "సున్నా అంటే? మీయన్న మెయిళ్లు లేవా?"

"ఉండాయి. ఫిరోజన్న పాత కంప్యూటర్లో మెయిళ్లన్నీ ఒకే మూటగా కట్టి పెట్టినట్టుండాయి. ఈ కొత్తదానికి ఆ మూట విప్పేది రాదు."

హిందూపురం బజార్లో అది ఫిరోజ్ శుభలేఖల షాపు. ఫిరోజ్ గుండెపోటుతో పోయి నెల దాటింది. ఆ వెంటే ఆయన కంప్యూటరూ కన్నుమూసింది. మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే అదే. ఫిరోజ్ స్నేహితుడు యూనస్ కంప్యూటర్లు బిగించే పనివాడు కాబట్టి సరిపోయింది. పాతదాని డిస్కు విప్పి కొత్తదానికి తగిలించి, పొద్దున్నుంచీ తంటాలు పడుతున్నాడు.

ఫిరోజ్ భార్య దిల్షాద్‌కు కావలసింది ఒక్కటే, మస్కట్‌లో ఉన్న బావ కాలేసాబ్ మెయిలు అడ్రసు. తమ్ముడు పోయిన సంగతి ఆయనకింకా తెలియదు.

"ఎల్లుండే నలభై దినాల ఫాతిహా. ఆ పొద్దుకన్నా తెలియకపోతే ఆ మనిషి జన్మలో నన్ను క్షమించడు యూనసూ."

"ఫోన్ నంబరు లేదా వదినా?"

"యాడిది? అన్నదమ్ములిద్దరూ ఎడమొగం పెడమొగం. బావ ఈ షాపుకు ఫోన్ చేస్తే, గొంతు వినంగానే మీయన్న పెట్టేసేవాడు. చేసీ చేసీ బావ మెయిళ్లకు దిగినాడు. ఒక్కదానికీ ఈయన జవాబియ్యలేదు. ధర్మవరం చిన్నత్తనడిగితే, కంపెనీ మారినాడంట, యాడుండాడో తెలీదనె."

యూనస్ నిట్టూర్చాడు. "ఇంగొక దోవ చూస్తా. ముందు ఒక్కో మెయిలూ విప్పి మామూలు అక్షరాల్లోకి మార్చల్ల. ఆమీట దీంట్లోకి ఎక్కించల్ల. ఇది అడుగడుక్కీ సణుగుతాది. ఏమడిగినా ఎస్ కొట్టు వదినా, ఆలోచించొద్దు."

మౌసు ఆమె చేతికిచ్చి తాను తీగలు పట్టుకుని కూర్చున్నాడు. తెర మీద ఏదో గడి వస్తుంది, ఏదో ఇంగ్లీషులో అడుగుతుంది. దిల్షాద్ ఎస్ కొడుతుంది. ఇంకోటి వస్తుంది. ఎస్. నిఖా నాడు ఖాజీ ముందు కూడా ఆమె ఇన్నిసార్లు ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం దాటాక, చచ్చీ చెడీ, మెయిళ్లు బారుగా దిగాయి. అన్నీ లావు అక్షరాల్లో.

"ఇట్లుండాయేమి? లావుగా ఉంటే చదవనివి కదా? అంటే మీయన్న ఏదీ చదవలేదా?"

"మార్చేటప్పుడు చదివిన గుర్తులు పోయినాయి వదినా. అన్నీ ఈ పొద్దే వచ్చినట్టు చూపిస్తాది. చదివినాడో లేదో ఆయనకే తెలియల్ల. అదిగో, కాలేసాబన్నవి! నెట్ కలుపుతా, రాసెయ్ ఇంగ."

యూనస్ ఫోన్ తీగ లాగి కంప్యూటర్‌కు తగిలించాడు. కీచుమని అరిచి నెట్ కలిసింది.

దిల్షాద్ మొదటి మెయిలు నొక్కింది. మళ్లీ ఒక గడి అడ్డమొచ్చింది. ఎస్ కొట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. "తప్పు నాదేలే ఫిరోజూ. ఒక్క మాట రాయి."

ఇంకోటి తెరిచింది. మళ్లీ గడి. ఎస్. "రాయకపోయినా పోనీలే అబ్బీ. చదివితే చాలు నాకు."

దిల్షాద్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంత మంచి మనిషికి ఈ పిడుగులాంటి కబురు రాయాలి. 'బావా' అని కొట్టింది. ఆ తర్వాత వేళ్లు కదల్లేదు. ఏమని రాయాలి? నీ తమ్ముడు లేడు, మట్టి కూడా ఇచ్చేశాం అనా? తుడిపేసింది. మళ్లీ 'బావా' అనే కొట్టింది.

"నాతో కాదు యూనసూ," అంది ఏడుస్తూ.

"నిదానంగా రాయి వదినా. అందాకా లైను ఎందుకు?" అని యూనస్ నెట్ తీసేసి, తీగను మళ్లీ ఫోనుకు బిగించాడు.

బిగించీ బిగించకముందే ఫోన్ గణగణ మోగింది. దిల్షాద్ కళ్లు తుడుచుకుని ఎత్తింది.

"దిల్షాదా! నేనమ్మా, మీ బావను! అప్పట్నుంచి చేస్తాండా, లైను బిజీ!" అవతల కాలేసాబ్ ఒకటే నవ్వు, ఒకటే ఏడుపు. "వాడు తెరిచి ఎస్ కొడితే, చదివినట్టు నాకు తెలిసేట్టు పెట్టి పంపినా ప్రతి మెయిలూ. ఇన్నేండ్లకు ఈ పొద్దు వచ్చిందమ్మా, ఫిరోజు చదివినాడని! ఒకటి కాదు, రెండు! కోపం పోయింది వానికి. ఆడనే కూచోనుంటాడు, నాకు తెల్దా... ఈసారి పెట్టెయ్యడులే, ఫోన్ వాని చేతికియ్యమ్మా!"