మొదటి డోసు

నానో మందు ఎక్కించే రోజు రానే వచ్చింది. ఆవిడ అందరికంటే ముందు లేచి, రెండు రోజులకి సరిపడా వండి ఫ్రిజ్‌లో పెట్టి, ఉతికిన బట్టలు ఆరేసి, సంచీ సర్దింది. స్కాన్ రిపోర్టులు, శాలువా, ఫ్లాస్కు, ఆయన కళ్ళజోడు.

ఆయన ప్లేటు ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"గొంతు దిగడం లేదే," అన్నాడు.

"కాస్తయినా తినండి. ఖాళీ కడుపుతో ఆసుపత్రిలో కూర్చోలేరు."

ధైర్యం చెప్పి పోదామని ఆయన అక్కగారు వచ్చింది. వస్తూనే తమ్ముడి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూసింది.

"ఏమిటిలా సగమైపోయాడు? రాత్రిళ్ళు నిద్రపోతున్నాడా అసలు?"

"మాత్ర వేసుకుంటే నిద్రపోతున్నారు వదినా."

"నువ్వే గట్టిగా ఉండాలమ్మాయ్. వాడసలే సుకుమారం. చిన్నప్పుడు కాల్లో ముల్లు దిగితే వీధి వీధంతా పోగయ్యేది."

"ఉంటాన్లెండి," అంటూ ఆవిడ గ్యాస్ కట్టేసి, తలకి స్కార్ఫ్ బిగించి కట్టుకుంది.

ఆసుపత్రి మెట్ల దగ్గర ఆయన ఆవిడ భుజం పట్టుకున్నాడు. వీల్‌చైర్ తెచ్చిన అటెండరు ఇద్దరినీ ఒకసారి చూసి, ఆయన ముందు ఆపాడు. ఆయనకి నిజంగానే కళ్ళు తిరుగుతున్నాయి. కూర్చున్నాడు. సంచీ భుజాన వేసుకుని ఆవిడ వెనకనించి తోసింది.

డాక్టరు కుర్చీ ముందుకి జరుపుకుని ఆయనకి వివరంగా చెప్పాడు.

"పాంక్రియాస్‌లో గడ్డ మహా టక్కరిది. చుట్టూ గట్టి పీచు గోడ కట్టుకుంటుంది. మన ఒంట్లో రక్షణ కణాలు గోడ బయటే పడిగాపులు పడి ఉంటాయి. కొన్నయితే నిద్రపోతాయి. అందుకే కీమో అయినా, మామూలు ఇమ్యునోథెరపీ అయినా దీని దగ్గర చతికిలపడుతున్నాయి. ఈ నానో కణాలు వెంట్రుకలో వెయ్యో వంతు కూడా ఉండవు. సందుల్లోంచి లోపలికి దూరి, మందుని గడ్డలోనే వదిలి, ఆ నిద్రపోయేవాళ్ళని తట్టి లేపుతాయి."

"తప్పకుండా లేస్తాయంటారా?"

"ఎలుకల్లో లేచాయి. మనుషుల్లో ఇప్పుడే మొదలుపెట్టాం. మాట ఇవ్వలేను. కానీ ఇది కాకపోతే ఇంకో దారి నా దగ్గర లేదు."

ఆయన కళ్ళు నిండాయి. డాక్టరు టిష్యూల డబ్బా ఆయన వైపు జరిపి, చేతి మీద చెయ్యి వేశాడు.

"నొప్పి ఉంటుందా?" అన్నాడాయన.

"సూది వరకే. రాత్రికి జ్వరం రావచ్చు. వస్తే కంగారుపడకండి, కణాలు లేచాయన్నమాట."

ఆవిడ ఒకే ఒక్క మాట అడిగింది. "వంట వాసనలకి వికారం పెడుతుందాండీ?"

"పెట్టచ్చు."

"అయితే వండేసి రావడం మంచిదే అయింది."

డాక్టరు నవ్వాడు. "మీకు ఇలాంటి ఇల్లాలు దొరకడం అదృష్టం సార్," అన్నాడు.

మందు ఎక్కించే గదిలో కిటికీ పక్క మంచం ఇచ్చారు. ఆవిడ దుప్పటి ముడతలు సరిచేసింది. దిండు రెండు పక్కలా తట్టి ఎత్తు చేసింది. ఆయన వీల్‌చైర్‌ని ఎండ పడని వైపుకి తిప్పి, కాళ్ళమీద శాలువా కప్పి, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది. ఈలోగా అక్కగారు ఫోన్ చేసింది.

"ఎలా ఉన్నాడు వాడు?"

"బానే ఉన్నారు వదినా. టీ తాగుతున్నారు."

"హమ్మయ్య, ఇప్పటికి నా ప్రాణం కుదుటపడింది," అని అక్కగారు ఫోన్ పెట్టేసింది.

నర్సు చిన్న సంచీలో ఉన్న మందుని స్టాండుకి తగిలించి, గొట్టంలో గాలి లేకుండా చూసి, సూది కవరు చింపింది.

"మొదలుపెట్టేద్దామాండీ?"

"ఒక్క నిమిషం తల్లీ. ఆయనకి సూదంటే చచ్చేంత భయం." ఆవిడ ఆయన చేతిలో కప్పు తీసి పక్కన పెట్టింది. "మీరు కళ్ళు మూసుకోండి. ఏం కాదు. నేనిక్కడే ఉన్నాగా."

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడని నిశ్చయం చేసుకున్నాక, ఆవిడ చెప్పులు విడిచి, మంచమెక్కి పడుకుని, సూది కోసం నర్సు ముందుకి తన పేరు పట్టీ కట్టిన చెయ్యి చాపింది.