నుజహత్ పెట్టిన మందు

"ఎవరామె?" స్వరూప పొయ్యి కట్టేసి మరీ అడిగింది.

నేల మీద చాప పరుచుకుని, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తుతున్న ప్రేమ్‌రాజ్ ఆగలేదు. "నుజహత్ అని... పత్తర్‌గట్టిల లేసుల దుకాణం. మొన్న ఫ్యాన్ బిగించేతందుకు పోయిన గదా."

వెన్నుపూసల్లో వాపు ఉందని, జాగ్రత్త పడకపోతే ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయని డాక్టర్ చెప్పి ఏడాదైంది. ప్రేమ్‌రాజ్ మాత్ర మింగేవాడు, వెంటనే సిగరెట్ వెలిగించేవాడు.

"డాక్టర్ చెప్తే ఇనలే. నేను ఏడ్సి మొత్తుకున్నా ఇనలే. ఇప్పుడు సిగరెట్ బంద్, తలకింద ఎత్తు మెత్త బంద్, పొద్దుగాల కసరత్తు! ఆమె ఏం చెప్పిందేంది?"

"ఏం చెప్పలే. ఆమెను సూసినంక నా మనసే మారింది."

స్వరూప చేతిలోని గరిటెను గిన్నెలోకి విసిరేసింది. అతను పనికి వెళ్లగానే తాళం వేసి ఆటో ఎక్కింది.

దుకాణంలో గల్లా వెనక నుజహత్ ఒక్కతే కూర్చుని ఉంది. తెల్లటి ముఖం, కాటుక కళ్లు. ఒళ్లో జరీ అంచు చుడుతోంది. అందగత్తే. స్వరూప ఒళ్లు ఇంకా మండింది.

"నేను ప్రేమ్‌రాజ్ పెండ్లాన్ని."

"అచ్ఛా! భాయ్ మంచిగున్నడా? కసరత్తు చేస్తుండా?" నుజహత్ నవ్వింది గానీ, చూపు జరీ మీదే ఉంది.

ఎంత పొగరు!

"మొకం సూసి మాట్లాడ రాదా? మా ఆయనకు ఏం మందు పెట్టినవ్ నువ్వు? కట్టుకున్నదాని మాట ఇననోడు నీ ఎనక ఎందుకు పడ్డడు?"

పక్క దుకాణం వాళ్లు తొంగి చూశారు. నుజహత్ చేతుల్లోని జరీ ఆగిపోయింది.

"తోబ తోబ! గట్లనకు బహెన్. నేనేం చెప్పలే. భాయ్ ఫ్యాన్ బిగించిండు, స్విచ్ వేద్దామని నేను లేచిన. చూసిండు. 'రేపటి సంది కసరత్తు చేస్త' అనుకుంట పోయిండు. గంతే."

"లేస్తే? లేస్తే ఏమైతది?"

నుజహత్ గల్లా పట్టుకుని మెల్లగా లేచింది. వంగిన నడుము ఎముకలు అతుక్కుపోయినట్టు వంగినట్టే ఉంది, మెడ పైకి లేవలేదు. ఎదురుగా ఉన్న స్వరూప ముఖం చూడటానికి ఆమె రెండు మోకాళ్లూ వంచి, ఒళ్లంతా వెనక్కి వాల్చింది.