ముప్పై అడుగుల రోడ్డు

"ట్రాక్టరు మీ ఆవరణలోనే తిరుగుతుందా సార్, రోడ్డు కూడా ఎక్కుతుందా?" అడిగాడు ఇన్సూరెన్సు ఏజెంటు.

"రోడ్డెక్కితే?"

"అప్పుడు ప్రీమియం ఎక్కువ."

"సొంత వాడకమేగా, గేటు దాటదు," అన్నాడు పోస్టుమాస్టరు.

ఆయన రిటైరై ఏడాదయింది. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ స్టాంపు ఒక్కటి తక్కువైనా ఉత్తరం వెనక్కి పంపిన మనిషి. అలాంటివాడు అబద్ధం చెప్పి సంతకం పెట్టాడు.

రిటైరయ్యాక ఆయన కొన్న స్థలం రోడ్డుకి అటూ ఇటూ ఉంది. ఇల్లు ఇటు, కూరగాయల తోట అటు. మధ్యలో ముప్పై అడుగుల రోడ్డు. పక్కనే, ఎదురొచ్చే బండి కనపడని మలుపు.

"రోడ్డెక్కదని చెప్పారేమండీ?" అంది భార్య. ఎనిమిది నెలలు పోరుపెట్టి ఇన్సూరెన్సు చేయించింది ఆవిడే.

"ఎక్కడం వేరు, దాటడం వేరు."

ఆవిడ ఆయన వంక ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి పోస్టుమాస్టరుకి కొత్త బెంగ పట్టుకుంది.

మలుపు దగ్గర కల్వర్టు మీద ఒక బక్కపలచని మనిషి కూర్చుంటున్నాడు. భుజాన ఎర్ర తువ్వాలు. ఇన్నాళ్ళూ అక్కడే ఉన్నాడేమో, ఈయన కంటపడింది మాత్రం ఇప్పుడే.

ట్రాక్టరు గేటు దగ్గరికి రాగానే ఆ మనిషి లేస్తాడు. ఈయనకి వీపు పెట్టి, మలుపు వైపు తిరిగి, తువ్వాలు పట్టుకుని చెయ్యెత్తుతాడు. ట్రాక్టరు తోటలోకి వెళ్ళాక మళ్ళీ కూర్చుంటాడు.

"కంపెనీ మనిషే," అన్నాడు భార్యతో. "మలుపు అవతల ఇంకోడున్నాడు. వాడికి సైగ చేస్తున్నాడు."

"మీ డొక్కు ట్రాక్టరుకి ఇద్దరు గూఢచారులా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నారట."

ఆయనకి నవ్వు రాలేదు.

రోజూ ఏడున్నరకి వెళ్ళేవాడు, ఆరింటికే బండి తీశాడు. చప్పుడు విని ఆ మనిషి పరుగున వచ్చాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం తీశాడు. అప్పుడూ ఉన్నాడు.

ఇక ఆగలేక కల్వర్టు దగ్గరికి నడిచాడు.

"నిన్నెవరు పంపారు?"

ఆ మనిషి గబుక్కున లేచి నిలబడ్డాడు. "ఎవరూ పంపలేదండి."

"మరి పొద్దస్తమానం ఇక్కడేం పని?"

"మీరు వేళలు మార్చేశారు కదండీ. ఎప్పుడొస్తారో తెలీక పొద్దున్నుంచీ ఉంటున్నాను."

ఇంకేం కావాలి, దొంగ తనంతట తనే దొరికాడు అనుకున్నాడు పోస్టుమాస్టరు.

"రోడ్డుకి కూడా ఇన్సూరెన్సు చేయించండి సార్," అన్నాడు ఆ మనిషి మెల్లగా. "లోపలికే చేయించారని టీ కొట్టులో ఏజెంటుగారు అంటుంటే విన్నాను. రేపేదన్నా అయితే ఇంట్లోవాళ్ళకి చిల్లిగవ్వ రాదు."

తప్పు పట్టుబడ్డవాడి గొంతే పైకి లేస్తుంది. ఆయన గొంతూ లేచింది.

"బెదిరిస్తున్నావా? రేపిక్కడ కనిపించావో, పోలీసులకి అప్పజెబుతాను."

పోలీసులనగానే ఆ మనిషి మొహం పాలిపోయింది. తువ్వాలు మడిచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు కల్వర్టు ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీయే.

"చూశావా, పీడ విరగడైంది," అన్నాడు భార్యతో.

మూడోనాడు ట్రాక్టరు రోడ్డు మధ్యకి వచ్చేసరికి మలుపు తిరిగి లారీ వచ్చింది.

బ్రేకులు కీచుమన్నాయి. ట్రాక్టరు కాలవలో బోర్లా పడింది. ఆయన తోట కంచె మీద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి విరిగింది.

లారీ డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు.

"ఎర్ర తువ్వాలాయన ఏడండీ?"

"ఎందుకు?" మూలుగుతూ అడిగాడు పోస్టుమాస్టరు.

"ట్రాక్టరు దాటుతుంటే రోజూ తువ్వాలు ఊపి మమ్మల్ని ఆపేది ఆయనే కదండీ. ఊపకపోతే దారి ఖాళీ అనుకుని వచ్చేస్తాం. ఈ రూట్లో తిరిగే వాళ్ళందరికీ అదే అలవాటు."

విరిగిన చేతికంటే ఆ మాటే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఆస్పత్రికి ఏజెంటు వచ్చాడు. అటూ ఇటూ చూసి, "గేటు లోపలే జరిగిందని రాసేద్దామా సార్?" అన్నాడు.

"రోడ్డు మీద జరిగింది. అలాగే రాయి."

భార్య దుప్పటి సర్ది, ఆయన ఎడమచెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆస్పత్రి నుంచి వదిలిన రోజు ఇంటికి పోకుండా, చేతికట్టుతోనే టీ కొట్టు దగ్గర ఆటో ఆపించాడు. భార్య కూడా దిగింది.

"ఎర్ర తువ్వాలాయన ఎక్కడుంటాడు? క్షమించమని అడగాలి."

"మా కొట్టు వెనక గదిలోనే ఉండేవాడండి," అన్నాడు టీ కొట్టతను. "మీరు కేకలేసిన రోజే ఖాళీ చేశాడు. మళ్ళీ పోలీసు స్టేషను మెట్లెక్కే ఓపిక లేదన్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు."

"మళ్ళీ అంటే?"

టీ కొట్టతను గ్లాసు పక్కన పెట్టాడు.

"మీకు స్థలం అమ్మినావిడ భర్త పోయింది ఆ మలుపులోనే కదండీ. ట్రాక్టరు మీద తోటకి దాటుతుంటే లారీ గుద్దింది. ఆయనా గేటు లోపలికే ఇన్సూరెన్సు చేయించాడు. ఆవిడకేమీ రాలేదు. అందుకే అమ్ముకుని పోయింది."

ఆవిడ భర్త ఏదో ప్రమాదంలో పోయాడని విన్నారే గానీ, ఎక్కడని వీళ్ళు అడగలేదు.

"అయితే ఈయన ఆవిడ తమ్ముడా?" అడిగింది భార్య.

"కాదమ్మా," అన్నాడు టీ కొట్టతను. "తప్పు లేదని కోర్టు వదిలేసింది గానీ, ఆ రోజు ఆ లారీ నడిపింది ఈయనే."