వరాలు బొటనవేలు

ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా గోడకో సోదిపెట్టె ఉంటోంది. ఎవరికి ఏ దెబ్బ తగలబోతోందో ముందే చెబుతుంది. ప్రమాదమని తేలితే ఇంటి పెద్ద వేలిముద్ర పడాల్సిందే, లేకపోతే మనిషిని కదలనివ్వరు.

కూతురు చైత్ర పది మీటర్ల ఎత్తు నుంచి కొలనులోకి దూకిన ప్రతిసారీ వరాలు గుండె చిక్కబట్టుకుని వేలు పెట్టింది. పిల్ల మూడుసార్లు దేశానికే చాంపియనయింది. ఇవాళ ఆఖరి డైవ్. ఎడమ కన్ను పోయే అవకాశం నూటికి నలభై అంటోంది పెట్టె.

వరాలు వేలు పెట్టింది. పెట్టె తీసుకోలేదు. మళ్ళీ పెట్టినా అంతే.

"అమ్మా, ఇంకో నిమిషమే ఉంది," అంది ఫోనులో చైత్ర.

"ఏం చెయ్యనే, అంట్లు తోమీ తోమీ గీతలు అరిగిపోయాయి."

"నీళ్ళలో ముంచి పెడుతున్నావు కదూ? తడివేలు తీసుకోదని నాకూ తెలుసు. తుడుచుకో. ఇది దూకకపోతే రెండు కళ్ళుండీ నేను చూసేదేం లేదమ్మా."

వరాలు నీళ్ళ గిన్నె అవతలకి నెట్టి, వేలు చెంగుకి గట్టిగా తుడుచుకుంది. పెట్టె దగ్గరికి వెళ్ళేలోపే ఆ చేత్తోనే కళ్ళొత్తుకుంది.

"ఎంత తుడిచినా ఆరడం లేదే తల్లీ," అంది.

ఈసారి నిజమే చెప్పింది గానీ, చైత్ర నమ్మలేదు.